పెరటిదారి శ్రీహరిరావుగారు

మా తాతయ్య శ్రీహరిరావుగారికి ముందు గుమ్మాల మీద నమ్మకం లేదు. దేవుడి మీద ఉంది, హోమియోపతి మాత్రల మీద ఉంది, తప్పనిసరై మా అమ్మమ్మ శారదాంబగారి కషాయాల మీద కూడా ఉంది. గుమ్మాల మీద మాత్రం లేదు. ఇల్లు గానీ, హోటలు గానీ, ఆస్పత్రి గానీ, ఆయన వచ్చారంటే ఆ కట్టడం చుట్టూ ఒక ప్రదక్షిణ జరిగేది. సందు ఎక్కడుందో, ప్రహరీ ఎక్కడ విరిగిందో చూసుకుని వెనక వైపు నుంచి లోపల తేలేవారు.

ఇది ఉద్యోగం అంటించిన జబ్బు. కాకినాడ నుంచి హైదరాబాదుకు బదిలీ మీద వచ్చిన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఆయన. బజారులోకి ముందు నుంచి వెళితే మొదటి పాన్‌డబ్బా దగ్గర ఈల మోగేది. ఆ ఈల చివరి కొట్టుకు చేరేలోపల తక్కువ తూకం రాళ్ళన్నీ గోనెల కింద దూరి, ప్రభుత్వం వారి రాళ్ళు బుద్ధిగా పళ్ళేల పక్కన కూర్చునేవి. అందుకని తాతయ్య బస్తాల మధ్య నుంచి, ఎలుకలు వచ్చే దారిలో వచ్చేవారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ ఆ దారి నుంచి రిటైరు కాలేదు.

పెళ్ళికి పిలిస్తే పొయ్యిల వైపు నుంచి వెళ్ళేవారు. ఒకసారి మలక్‌పేటలో ఎవరి పెళ్ళికో అలా వెళితే, రావలసిన వంటాయన రాలేదని కంగారు పడుతున్న పెళ్ళివారు ఈయన చేతికి గరిటె ఇచ్చారు. కాదని చెప్పడం మర్యాద కాదనుకుని పులిహోర కలిపేశారు. ముందు వాకిట్లో అమ్మమ్మ, మనిషి మూసీలో పడ్డాడేమోనని ఏడుస్తూ కూర్చుంది. సినిమాకు వెళితే జనం బయటికొచ్చే తలుపులోంచి లోపలికి వెళ్ళి, ముందు ఆట క్లైమాక్సు చూసేసి, సీట్లో కూర్చోగానే ఎవరు చచ్చిపోతారో ఇంటిల్లిపాదికీ చెప్పేవారు.

మా అమ్మకు సంబంధం చూడటానికి వెళ్ళినప్పుడు మగపెళ్ళివారు ముందు గదిలో కుర్చీలు వేసి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆయన పెరట్లో దిగి, కాబోయే వియ్యపురాలు పనిమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినడం చూసి, అక్కడే, నూతి పక్కనే, సంబంధం ఖాయం చేసి వచ్చేశారు. పెళ్ళికొడుకును చూడటం మరిచిపోయారు. అలా చూడకుండా దొరికిన అల్లుడే సెక్రటేరియట్‌లో సూపరింటెండెంటు కృష్ణప్రసాద్, అంటే మా నాన్న. తనను ఎవరూ చూడకుండా ఎంపిక చేశారన్న బాధ ఆయనకు ఇప్పటికీ ఉంది.

ఛత్రినాకలో వీళ్ళు అద్దెకున్న వాటాకు మంచి టేకు తలుపు ఉండేది. తాతయ్య దాని గొళ్ళెం తీయక అది తుప్పుపట్టింది. ఇంటాయన బాలనర్సింహకు పురానాపూల్ అవతల కట్టెల డిపో ఉంది. ఆ టేకు ఆయన సొంత డిపోలో ఏరి తెచ్చింది.

"ఏంది సారూ," అని వాపోయేవాడాయన. "గింత మంచి తలుపు పెట్టిస్తే, మీరు బర్రెలు పోయే గల్లీలకెళ్ళి వస్తరు. చూసేటోళ్ళు నేనే రానిస్తలేననుకుంటరు."

"బర్రెలకు మోసం చేయడం రాదు నరసింహంగారూ," అనేవారు తాతయ్య.

పెరటి గుమ్మం దగ్గర ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉండేది. దగ్గు. బస్సులో లేని దగ్గు, బజారులో లేని దగ్గు, సరిగ్గా పెరటి తలుపు దగ్గరికి వచ్చేసరికి తగులుకునేది. తలుపు బయట నిలబడి ఊరంతా వినేలా దగ్గి, కాసేపాగి, మళ్ళీ దగ్గి, అప్పుడు లోపలికి వచ్చేవారు. అది బర్రెల పాక గాలి అని అమ్మమ్మ తేల్చింది. మిరియాలు, శొంఠి, వేపచెక్క కలిపి మరిగించి, గ్లాసుతో వంటింటి గడప మీద కాపు కాసేది. ఆయన ఆ గ్లాసును శిక్షపడిన మనిషిలా అందుకుని గుక్క తిప్పుకోకుండా తాగేవారు. మళ్ళీ మర్నాడు దగ్గేవారు.

"ముందు నుంచి వస్తే దగ్గు రాదు కదండీ," అనేది అమ్మమ్మ.

"ముల్లు ఆగనీయవే," అనేవారు తాతయ్య.

అది ఆయన ఊతపదం. తరాజులో సరుకు వేయగానే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. మోసగాడు అది ఆగకముందే, ఎండల గురించి ఏదో ఒక కబురు చెబుతూ పళ్ళెం ఎత్తేస్తాడు. నిజాయితీపరుడు నోరు మూసుకుని అది ఆగేదాకా చూస్తాడు. పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నా, వాన వస్తుందా అన్నా, తాతయ్య జవాబు అదే. ముల్లు ఆగనీ.

ఆయన ఎవరికీ భయపడేవారు కాదని అందరూ అనుకునేవారు. ఇంట్లో భయం వాటా అంతా మా పిన్ని హైమవతిదే.

పిన్నిని చూస్తే ఆ మాట ఎవరూ నమ్మరు. కూరలబండివాడితో ఉర్దూలో బేరమాడి వాడి చేత దండం పెట్టించుకునేది. కుళాయి నీళ్ళ దగ్గర పిన్ని నోరు తెరిస్తే బాలనర్సింహ కూడా తన బిందె వెనక్కి తీసుకునేవాడు. కానీ ఆ నోరు ఇంటి నుంచి కాలేజీ దాకా వచ్చేది కాదు. దారిలో ఎక్కడో దిగిపోయేది.

ఇంటర్మీడియట్ ఆమె ఊళ్ళోని పెద్ద కాలేజీలో చదివింది. అక్కడి ఫిజిక్సు లెక్చరరు మేధావి. పాఠం ధారగా చెప్పేవాడు. ప్రశ్నలు కూడా అడిగేవాడు. జవాబులు వినడానికి మాత్రం ఆయనకు తీరిక ఉండేది కాదు. "నువ్వు" అని వేలు చూపేవాడు, రెప్పపాటు చూసేవాడు, "నెక్స్ట్" అనేవాడు. మొదటిసారి పిన్ని లేచినప్పుడు జవాబు నాలుక చివరే ఉంది. అది బయటికి అడుగుపెట్టేలోపల "నెక్స్ట్" వచ్చేసింది. వెనక బెంచీలు నవ్వాయి. రెండోసారి జవాబు గొంతు దగ్గరే ఆగింది.  ఆదివారం సాయంత్రానికే కడుపులో సోమవారం మొదలయ్యేది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నాన్నగారు ఆ కాలేజీ వెనక గోడ దూకుతారని ఆమె అసలు భయం. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు గూట్లో పడేసి, బట్టలు తడుపుతానని పెరట్లోకి పోయేది. చెప్పకుండా పని చేసే పిల్ల ఇంకెవరికి పుడుతుందని అమ్మమ్మ వీధంతా చెప్పుకునేది.

మార్కులు అంతంతమాత్రం. అయినా డెబ్బై నాలుగు వేసవి చివర, పై తరగతులకు కాలేజీలు తెరిచాక, మా నాన్న ఎవరెవరినో పట్టుకుని అదే పెద్ద కాలేజీలో బి.ఎస్సీ. సీటు సంపాదించారు. ఆ వార్త చెప్పడానికి స్వీట్లతో వచ్చి, టేకు తలుపు తెరుచుకోక, చివరికి బర్రెల పక్క నుంచే లోపలికి వచ్చారు.

"ఆ ముందు మెట్లు చూస్తేనే సగం డిగ్రీ వచ్చినట్టు ఉంటుంది," అన్నారు మా నాన్న.

మిగతా సగానికి ఇంకో మూడేళ్ళు ఆ వేలు ముందు నిలబడాలని పిన్నికి తెలుసు.  అయినా నవ్వి మిఠాయి నోట్లో పెట్టుకుంది. అది మింగుడు పడటానికి చాలాసేపు పట్టింది.

తాతయ్య ఆమె వంక చూడనే లేదు. "ముల్లు ఆగనీండి అల్లుడుగారూ," అని గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా ఆయన ఎక్కడ తిరిగేవారో ఎవరికీ తెలియలేదు. తెలిసిన రోజున మా నాన్నకు ఆఫీసుకు ఫోను వచ్చింది. పెద్ద కాలేజీలో గొడుగుతో ఒక దొంగను పట్టుకున్నారని, ఆ దొంగ ఈయన పేరు చెబుతున్నాడని. మా నాన్న పరుగెత్తుకెళ్ళేసరికి వాచ్‌మన్ ఇస్సాకు తాతయ్య రెక్క పట్టుకుని ముందు మెట్ల మీదుగా ఆఫీసు గదికి నడిపిస్తున్నాడు. తాతయ్య జీవితంలో ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది ఆ ఒక్కరోజే.

"రెండు రోజుల సంది చూస్తున్న సార్," అన్నాడు ఇస్సాకు. "కిటికీల కింద కూసుంటడు. లోపటికి తొంగి సూడడు, చెవి పెడ్తడు. సైకిలు దొంగైతే సైకిళ్ళ దిక్కు సూడాలె గదా. గీయన ఏం దొంగనో నాకు సమజ్ అయితలేదు."

బయటికి తెచ్చాక మా నాన్న పళ్ళు బిగపట్టి అడిగారు, అక్కడేం చేస్తున్నారని.

"పాఠం విన్నాను."

"ఎలా ఉంది?"

"పాఠం దివ్యంగా ఉంది. తూకమే బాగాలేదు," అన్నారు తాతయ్య. 

ఈ సంగతి విన్న పిన్నికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు తాతయ్య చేసిన ప్రకటనతో ఇంట్లో ఇంకెవరికీ సయించలేదు. హైమ పెద్ద కాలేజీలో చేరదు. పురానాపూల్ దాటాక, బాలనర్సింహ కట్టెల డిపోను ఆనుకుని ఉన్న కాలేజీలో చేరుతుంది.

ఆ కాలేజీకి బోర్డు మీద ఏదో గొప్ప పేరే ఉండేది గానీ వానలకు సగం అక్షరాలు కారిపోయాయి. జనం దాన్ని కట్టెల కాలేజీ అనేవారు. ఒక పాత నవాబుల దేవిడీలో కింద గుర్రాలు కట్టిన చోట తరగతులు, పైన లేబరేటరీ. ఊళ్ళో ఎక్కడా సీటు దొరకనివాళ్ళు చివరికి అక్కడ తేలేవారు. గాజుల కొట్టువాళ్ళ అబ్బాయిలు, దర్జీ పని చేస్తూ చదివేవాళ్ళు, పొద్దున ఆటో తోలి మధ్యాహ్నం తరగతికి వచ్చేవాళ్ళు.

"సారూ, గా కాలేజీ నాకెరుకే," అన్నాడు బాలనర్సింహ సాయం చేద్దామని. "అండ్ల చదివినోళ్ళు మస్తు మంది నా తాన కాంటా మీద కట్టెలు జోకుతున్నరు. పిలగాండ్లు మంచోళ్ళే."

అది విని అమ్మమ్మ మూలకూర్చుని ముక్కు చీదింది. మా నాన్న మాత్రం లేచి నిలబడి, ఆఫీసు ఫైలు మీద రాసినట్టు చెప్పారు.

"మామయ్యగారూ, సరే. మీ ఇష్టం. కానీ ఫస్టియర్ ప్రాక్టికల్స్‌లో తప్పితే ఇంక చదువు మాట ఎత్తకూడదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పిద్దాం. మళ్ళీ ఎవరి కాళ్ళో పట్టుకోవడం నా వల్ల కాదు."

తాతయ్య ఒప్పుకున్నారు. ఇంతకీ ఆ కాలేజీలో ఏం నచ్చిందని అమ్మమ్మ ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు, వెనక గోడ బాగుందని.

పిన్నికి ఇప్పుడు భయాలు రెండయ్యాయి. పెద్ద కాలేజీ తప్పినందుకు సంతోషించేలోపలే, ఏమీ నేర్పని చోట పడి మొత్తం చదువే పోతుందేమోనన్నది ఒకటి. ప్రాక్టికల్సులో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఎదురుగా నిలబడి నోటితో జవాబు చెప్పాలి కదా అన్నది రెండోది. 

అక్కడ ఫిజిక్సు చెప్పేది కైలాసం సారు. పాతబస్తీ మనిషే. పొట్టి చేతుల చొక్కా, సైకిలు క్లిప్పుతో బిగించిన పంట్లాం, తల నిండా సుద్దపొడి. పాఠం చెబుతుంటే కబుర్లు చెబుతున్నట్టే ఉండేది. మధ్యలో ఆగి, ఒక ప్రశ్న వేసి, పిన్ని వైపు చూశాడు.

పిన్ని లేచింది. "నెక్స్ట్" కోసం కళ్ళు గట్టిగా మూసుకుంది.

అది రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే సారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తీరిగ్గా తుడుచుకుంటున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో కూర్చున్న ప్రతివాణ్ణీ చూసి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నవ్వే ఉన్నారు. కిటికీ అవతల డిపోలో గొడ్డలి చప్పుడు ఒక్కటే వినబడుతోంది. సారు ఒక అద్దం అయ్యాక రెండో అద్దం మొదలుపెట్టాడు. అది అయ్యేసరికి గంట కొట్టారు.

"రేపు చెప్తది," అన్నాడు సారు, మామూలుగా, బస్సు రేపు వస్తుందన్నట్టు.

మర్నాడు పాఠం అక్కడి నుంచే మొదలైంది. మళ్ళీ కళ్ళజోడు, మళ్ళీ గొడ్డలి. ఎలాగో పిన్ని పెదవులు కదిలాయి. పక్కనున్న అమ్మాయికి వినిపించింది.

"బెంచీకి ఇనబడ్డది. మంచిగుంది," అన్నాడు సారు. "నాకు రేపు ఇనబడ్తది."

ఆ కాలేజీలో తప్పు జవాబుకు కూడా మర్యాద ఉండేది. ఎవరైనా తప్పు చెబితే సారు దాన్ని బోర్డు మీద రాసి, "ఇది ఏడ ఇరుగుతదో చూద్దాం" అనేవాడు. అది విరిగే చోటికి వచ్చేసరికి చెప్పినవాడే ముందుగా పట్టుకునేవాడు. పరికరాలు లేవని ఆయన ఏనాడూ దిగులుపడలేదు. తరగతినంతా డిపోలోకి తీసుకెళ్ళి, బాలనర్సింహ కట్టెలు తూచే పెద్ద కాంటా చుట్టూ నిలబెట్టి బలాలు, భ్రామకాలు చెప్పాడు. ఆ కాంటాకు ఒక చెయ్యి కాస్త పొడుగేమోనని అనుమానం వచ్చి, అదే మొద్దును ఇటోసారి అటోసారి తూయించి లెక్క కట్టించాడు. బాలనర్సింహ ఆ సాయంత్రమే కమ్మరిని పిలిపించుకున్నాడు.

లేబరేటరీలో ఉన్నది గాజుపెట్టెలో ఒకే ఒక్క సన్నపాటి త్రాసు. డిపోలో గొడ్డలి పడితే దాని ముల్లు వణికేది. అది ఆగేదాకా అందరూ ఊపిరి బిగబట్టి చూడాలి. పిన్నికి ఆ పని నచ్చింది. ఆమె ఇంట్లో పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే కదా.

క్రమంగా ఆమె గొంతు తరగతి దాకా రావడం మొదలుపెట్టింది. అప్పుడే ఒకరోజు కిటికీలోంచి చూస్తే డిపోలో మొద్దుల గుట్ట మీద నల్ల గొడుగు ఒకటి కనిపించింది. గొడుగు కింద తెల్ల ధోవతి. 

"గా కట్టెల మీద ముసలాయన రోజు వస్తుండు," అన్నాడు గాజుల కొట్టు సీతారాం. "చౌకీదారా ఏంది?"

"అయ్యుంటాడు," అంది పిన్ని.

ఇంటికి వెళ్ళి తాతయ్యకు చేతులు జోడించింది. ఎవరైనా చూస్తే తన పరువు పోతుందని, ఇస్సాకు లాంటి వాచ్‌మన్ ఎవరైనా ఈసారి రెక్కకు బదులు మెడ పట్టుకుంటాడని బతిమాలింది. తాతయ్య అంతా విని, ఆ గుట్ట మీద గాలి బాగా వస్తుందన్నారు. ఆ తరువాత గొడుగు కనబడలేదు. తెరవడం మానేశారంతే.

ప్రాక్టికల్ పరీక్షల రోజు వచ్చింది. పిన్నికి ఆ రోజు పొద్దున ఇడ్లీ కూడా కొండంత కనిపించింది. లేబరేటరీ మెట్లెక్కుతుంటే గాజుల సీతారాం ఎదురొచ్చి, ఎగ్జామినరు పెద్ద కాలేజీ నుంచి వచ్చాడనీ, ఒక్కొక్కడినీ నోరు తెరవనీయకుండా పంపేస్తున్నాడనీ చెప్పాడు. పిన్ని తలుపులోంచి చూసింది. అదే వేలు.

ఆయనకు ఈ అమ్మాయి గుర్తే లేదు. ఆమెకు మాత్రం ఆయన చొక్కా గుండీలతో సహా గుర్తు. పరుగెత్తి కిందికి పోదామా అనిపించింది. కిందికి పోతే ఎదురయ్యే టైపు ఇన్‌స్టిట్యూట్ కళ్ళ ముందు కనిపించింది. లోపలికి వెళ్ళింది.

ఆమెకు వచ్చిన చీటీలో, ఒక ఇత్తడి ముక్కను తూచి దాని సాంద్రత చెప్పమని ఉంది. పళ్ళెంలో ఆ ముక్క పెట్టి, గాజు తలుపు దించి చూస్తోంది. ఆయన వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు.

"రీడింగ్?"

గొంతు మూసుకుపోయింది. అచ్చం మునుపటిలాగే.  ఆయన రెప్పపాటు చూశాడు. పెదవులు "నె" దగ్గరికి వచ్చాయి.

"ముల్లు ఇంకా ఆగలేదు సార్," అంది పిన్ని.

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమెకు కాసేపు తెలియలేదు. ఆయన వంగి చూశాడు. ముల్లు నిజంగానే ఊగుతోంది. ఎంత తొందర ఉన్నవాడైనా ఊగే ముల్లును చదవమనలేడు కదా. కొత్త చెప్పులు కరిచిన మనిషిలా అటో కాలు ఇటో కాలు వేస్తూ, వాచీ చూసుకుంటూ, ఆయన ఆగాడు. బహుశా పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక అదే మొదటిసారేమో.

గది నిశ్శబ్దంగా ఉంది. గొడ్డలి చప్పుడు కూడా లేదు. ముల్లు చిన్నగా, ఇంకా చిన్నగా ఊగి, ఆగింది. ఆ పాటికి పిన్ని గుండె కూడా కాస్త కుదురుకుంది. రీడింగ్ చెప్పింది.

"త్రాసు చేతులు రెండూ సమానంగా లేకపోతే?" అన్నాడు ఆయన. అని, ఆగాడు. ఆగడం ఒకసారి మొదలయ్యాక వెంటనే మానలేకపోయాడు కాబోలు.

"ఇటు పళ్ళెంలో ఒకసారి, అటు పళ్ళెంలో ఒకసారి తూచాలి సార్. రెండు బరువులనూ గుణించి వర్గమూలం తీస్తే అసలు బరువు వస్తుంది."

"ఏ పుస్తకంలో చదివావు?"

"కట్టెల డిపోలో సార్."

ఆయన ఆమె వంక కాసేపు చూసి, మార్కులు వేసే కాగితం మీద ఏదో రాసి, తరువాతి అబ్బాయి దగ్గరికి వెళ్ళాడు. "నెక్స్ట్" అనడం మరిచిపోయాడు.

అందరివీ అయ్యేదాకా ఉండి పిన్ని మెట్లు దిగింది. డిపో వైపు నుంచి బాలనర్సింహ చేతులు తిప్పుకుంటూ వస్తున్నాడు.

"హైమమ్మా, మీ బాపు పొద్దటి సంది నా డిపో బంద్ పెట్టిచ్చిండు. గొడ్డలి దెబ్బకు మీదున్న కాంటా ముల్లు ఊగుతదట. నేను నడవదన్న. 'సరే నరసింహంగారూ, రేపు మీ తూకం చూడటానికి వెనక నుంచి వస్తాను' అన్నడు. రిటైరైనోడు, నన్నేం చేస్తడమ్మా. గని ఎనకకెళ్ళి అనంగనే నాకు కాళ్ళు వణికినయ్."

"నాన్నగారు ఏరి?"

"ఆఖరి పిలగాడు బయటికి రాంగనే పోయిండు. ఎట్ల పోయిండని అడుగకు. గోడకు సందు ఉన్నదని నాకు గిప్పటిదాక తెల్వదు."

కైలాసం సారు సైకిలు నడిపించుకుంటూ అక్కడికి వచ్చాడు. ఎగ్జామినరు సంతోషంగా పోయాడని చెప్పి, కాసేపాగి, "నిన్ను గీ కాలేజీల ఎందుకేసిండో మీ బాపు చెప్పిండా?" అన్నాడు.

"వెనక గోడ బాగుందన్నారు."

సారు పగలబడి నవ్వాడు. తరువాత చెప్పాడు. కిందటి వేసవి చివర ఒకరోజు సైకిలు తీస్తుంటే కట్టెల మధ్య నుంచి గొడుగుతో ఒక మనిషి వచ్చాడట. సర్కారు మనిషి, కాలేజీ మూయించడానికి వచ్చాడేమోనని సారుకు చెమటలు పట్టాయట. వచ్చిన మనిషి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. ఇందాక తరగతిలో మీరు ప్రశ్న అడిగిన పిల్లవాడికి జవాబు రాదని తెలుస్తూనే ఉంది కదా, మీరు అంతసేపు ఎందుకు ఆగారు అని.

"రాదని ఎట్ల తెలుస్తది సారూ, వాడింక చెప్పనే లేదు గదా అన్న. మీ బాపు నా చెయ్యి పట్టుకున్నడు. ఇడ్సలేదు. ఊళ్ళె కాలేజీలన్నిట్ల కిటికీల కింద కూసున్ననండీ, అందరూ బాగానే చెప్తరు, ఆగేటోడు ఒక్కడు దొరకలే అన్నడు. మా అమ్మాయికి అన్నీ వచ్చండీ, మీరు ఆగితే చాలు అన్నడు."

"నాకు వచ్చని ఆయనకెలా తెలుసు సార్?" అంది పిన్ని. "నేను ఎవరికీ చెప్పలేదు."

"బకెట్లకు చెప్పినవట గదా బిడ్డా. కాలేజీల నోటికి రానియన్నీ ఇంటికొచ్చి, పెరట్ల బట్టలుతికే బండ మీద కూసోని, బకెట్లకు అప్పజెప్తవట. ఏడ్సుకుంట. మీ బాపు ఆ దిక్కుకెళ్ళే వస్తడు. గోడ అవతల నిలబడి ఇంటడట. నువ్వు మొకం తుడ్సుకునేదాక ఆగి, దగ్గి, అప్పుడు లోపలికొస్తడట."

పిన్ని డిపో గోడ వైపు తిరిగి నిలబడింది. సారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆగడం ఆయనకు అలవాటే.

ఆమె తల్చుకున్నది మాత్రం కన్నీళ్ళ సంగతి కాదు. ఆ కషాయాల సంగతి. రెండేళ్ళ పాటు లేని దగ్గుకు, వేపచెక్క వేసిన కషాయాన్ని, మొహం చిట్లించకుండా తాగిన మనిషి.

ఛత్రినాకలో బస్సు దిగి, పిన్ని బర్రెల సందులోకి తిరిగింది. పెరటి తలుపు దగ్గరికి వస్తుండగా లోపల ఎవరో మెల్లగా మాట్లాడుతున్న చప్పుడు. సందులోంచి చూసింది. తాతయ్య బట్టలుతికే బండ మీద కూర్చుని, ఎదురుగా బోర్లించిన బకెట్టుతో మాట్లాడుతున్నారు.

"అది కాదు అల్లుడుగారూ," అంటున్నారు బకెట్టుతో, చేతులు జోడించి. "పిల్ల తప్పు లేదు. తూకం తప్పితే నాది తప్పు. టైపు వద్దు. ఇంకొక్క ఏడాది. మీ కాళ్ళు పట్టుకోమంటే..." అక్కడ ఆగిపోయి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఎవరికీ భయపడని మనిషి. ఎన్నాళ్ళుగా ఇలా భయపడుతున్నారో.

పిన్ని చప్పుడు కాకుండా నాలుగడుగులు వెనక్కి వేసింది. బర్రెల పాక దగ్గర నిలబడి, వీధంతా వినేలా దగ్గింది. కాసేపాగింది. మళ్ళీ దగ్గింది. అప్పుడు తలుపు తోసింది.

తాతయ్య బండ మీద నిటారుగా కూర్చుని ఆకాశం చూస్తున్నారు, వానొస్తుందేమో చూస్తున్నట్టు.

"ముల్లు ఆగిందా?" అన్నారు, ఆమె వంక చూడకుండా.

"ఆగింది నాన్నగారూ."

వంటింట్లోంచి అమ్మమ్మ వచ్చింది. ఇద్దరినీ ఎగాదిగా చూసి, దీనికి కూడా అంటించారన్నమాట అని సణుగుతూ లోపలికి పోయి, రెండు గ్లాసులు తెచ్చి చెరొకరి చేతిలో పెట్టి, తాగేదాకా కదలనని నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

ఇద్దరూ పక్కపక్కన బండ మీద కూర్చుని తాగారు. పిన్నికి మొదటి గుక్కకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరీ ఇంత చేదా నాన్నగారూ," అంది. "అలవాటవుతుందా?"

తాతయ్య గ్లాసులోకి చూశారు. నిజం చెప్పే ముందు ఎప్పుడూ చేసినట్టే కాసేపు ఆగారు.

"అవదు," అన్నారు.